వధ లేని మాంసము: కండర మూలకణముల చరిత్రయు ఆహారధర్మ విచారమును



ఆహారమునకును హింసకును గల సంబంధము వైదిక వాఙ్మయమున మిక్కిలి ప్రాచీనమైన విచారము. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ అను ఐదింటిని గృహస్థుని ఇంట హింస జరుగు స్థానములుగా మనుస్మృతి పేర్కొనినది. వీనికే పంచసూనలని పేరు. తెలియక జరుగు ఆ సూక్ష్మహింసకు నిష్కృతిగా పంచమహాయజ్ఞములు విధింపబడినవి. రోటిలో పడిన పురుగు కొఱకు, పొయ్యిలో కాలిన చీమ కొఱకు నిత్యకర్మను విధించిన ధర్మము, తెలిసి చేయు పశువధను గూర్చి ఎంత లోతుగా ఆలోచించి యుండునో వేఱుగా చెప్పనక్కరలేదు.

అయినను ఆ విచారమంతయు ఒక విషయమును స్వతస్సిద్ధముగా స్వీకరించినది. ప్రాణి మరణింపక మాంసము లభింపదు అనునదే ఆ విషయము. మనుస్మృతి పంచమాధ్యాయమందలి మాంసవిచారమును, అనుశాసన పర్వమున భీష్మపితామహుడు ధర్మరాజునకు చేసిన ఉపదేశమును ఈ భూమిక మీదనే నిలిచినవి. మాంసము తినువాడు, తాను కత్తి పట్టకున్నను, వధలో భాగస్వామి యగుచున్నాడని శాస్త్రము చెప్పుటకు ఇదియే హేతువు.

ఇరువదవ శతాబ్దమున పాశ్చాత్య ప్రయోగశాలలలో మొదలైన ఒక పరిశోధన ఈ భూమికనే ప్రశ్నించుచున్నది. జీవించి యున్న పశువు కండరమునుండి చిన్న ముక్కను గ్రహించి, అందలి మూలకణములను పోషకద్రవమున పెంచి, మాంసమును సిద్ధము చేయు విద్య అది. ఇది అహింసయా, హింసకు మఱియొక వేషమా అని భక్తులు అడుగుచున్నారు. యువకులు పెద్దలను ప్రశ్నించుచున్నారు. తొందరపడి ఔనని గాని కాదని గాని చెప్పుటకు ముందు, ఆ విద్య ఎచ్చట పుట్టినది, దేనిని ఆశ్రయించి పెరిగినది అను చరిత్రను తెలిసికొనుట న్యాయము. వస్తుజ్ఞానము లేని నిర్ణయము ధర్మనిర్ణయము కాజాలదు.

శరీరమునకు వెలుపల జీవకణము

జీవకణము శరీరమును వీడి వెలుపల బ్రతుకగలదా అను ప్రశ్నకు మొదటి స్పష్టమైన సమాధానము 1907 లో లభించినది. అమెరికా దేశమున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున రాస్ హారిసన్ అను శాస్త్రజ్ఞుడు కప్ప పిండమునుండి నాడీకణజాలమును గ్రహించి, కప్ప శరీరద్రవపు బిందువులో వ్రేలాడదీసి, సూక్ష్మదర్శినిలో పరిశీలించెను. నాడీతంతువు ఆ బిందువులో పెరుగుచుండగా కన్నులార చూచెను. కణము తన పోషణ తనకు లభించిన యెడల, దేహము లేకున్నను కొంతకాలము తన వ్యాపారమును సాగింపగలదని తేలినది.

1912 జనవరిలో న్యూయార్క్ నగరమందలి రాక్‌ఫెల్లర్ సంస్థయందు అలెక్సిస్ కారెల్ అను ఫ్రెంచి వైద్యుడు కోడిపిండపు హృదయమునుండి చిన్న ముక్కను తీసి పోషకద్రవమున నుంచెను. రక్తనాళములను కలిపి కుట్టు విధానమునకును, అవయవముల మార్పిడికిని సంబంధించిన కృషికి ఆ సంవత్సరమే ఆయనకు నోబెల్ పురస్కారము లభించినది. ఆయన ప్రయోగశాలలో శుచి విషయమున కఠిన నియమము లుండెడివి. సహాయకులు నల్లని నిలువుటంగీలు, ముసుగులు ధరించి పని చేసెడివారు. మడి అను మాట ఆ దేశమున లేకున్నను ఆచరణమున మాత్రము అట్టి శ్రద్ధయే కనబడుచుండెను. ఆల్బర్ట్ ఎబెలింగ్ అను సహచరుడు ఆ కణజాలమును సంవత్సరముల తరబడి పోషించెను. కారెల్ 1944 లో గతించెను. కణజాలమును 1946 లో విసర్జించిరి. కోడి జీవితకాలమును మించి, ముప్పదినాలుగేండ్లు ఆ కణములు జీవించినవని లోకము విస్మయము చెందినది. కణము స్వభావతః అమరమని, దేహమే దానిని మృత్యువునకు అప్పగించుచున్నదని చాలమంది విశ్వసించిరి.

ఆ విశ్వాసము నిలువలేదు. 1961 లో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అను శాస్త్రజ్ఞులు మానవుని సాధారణ కణములు సుమారు ఏబది మార్లు విభజన చెందిన పిదప విభజనశక్తిని కోల్పోవునని చూపిరి. కారెల్ కణజాలమునకు పోషణగా చేర్చిన పిండరసముతో పాటు క్రొత్త కణములు చేరుచుండుట వలననే అది అంతకాలము నిలిచియుండునని పలువురు తరువాత భావించిరి. దేహము అనిత్యమైనట్లే దేహమునందలి కణమును అనిత్యమే. వేదాంతికి ఇందు ఆశ్చర్యము లేదు. పరిచ్ఛిన్నమైన దేదియు నిత్యము కాదు. అయితే ఈ పరిమితి మాంసోత్పత్తి విద్యకు ఇప్పటికిని పెద్ద అవరోధముగా నున్నదని గమనింపవలెను.

ఊహ పుట్టిన కాలము

కణపోషణ విద్యను ఆహారముతో జోడించిన ఊహ శాస్త్రజ్ఞులకంటె ముందుగా రాజకీయవేత్తల వ్రాతలలో కనబడినది. బ్రిటిష్ న్యాయకోవిదుడు, ఒకప్పటి భారత వ్యవహారాల మంత్రి బిర్కెన్‌హెడ్ ప్రభువు 1930 లో ప్రకటించిన భవిష్యద్గ్రంథమున ఈ ప్రస్తావన కలదు. 1931 లో విన్‌స్టన్ చర్చిల్ ఏబది సంవత్సరముల తరువాతి లోకమును ఊహించుచు వ్రాసిన వ్యాసమున, కోడిలో తినునది కొన్ని భాగములే గనుక వానికొఱకు కోడిని సంపూర్ణముగా పెంచుట అసంబద్ధమని, ఆ భాగములనే తగిన ద్రవమున వేఱుగా పెంచుకొను దినము వచ్చునని అభిప్రాయపడెను.

ఈ ఊహకు ప్రేరణ కరుణ కాదు. పశువు యొక్క వేదన ఆ వాదమున ముఖ్యము కాదు. తిననక్కరలేని భాగము కొఱకు మేత వ్యర్థమగుచున్నదను గణితమే అచట ప్రధానము. ఈ విద్య చరిత్రలో మితవ్యయదృష్టియు భూతదయాదృష్టియు మొదటినుండియు రెండు పాయలుగా ప్రవహించినవి. జిజ్ఞాసువు ఈ రెండింటిని వేఱు చేసి చూడవలెను.

నివురు గప్పిన నిప్పు

మాంసమనగా ముఖ్యముగా కండరతంతువుల సముదాయము. ఒకమారు రూపొందిన కండరతంతువు మరల విభజన చెందదు. అయినను గాయపడిన కండరము తిరిగి పూడుచున్నది. ఆ పూడ్చునది ఏది? 1961 లో రాక్‌ఫెల్లర్ సంస్థయందే అలెగ్జాండర్ మౌరో అను శాస్త్రజ్ఞుడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కప్ప కాలి కండరమును పరిశీలించుచుండగా, ప్రతి తంతువు అంచున, తంతువు పైపొరకును దానిని చుట్టియున్న ఆధారపొరకును నడుమ, ఇమిడియున్న చిన్న కణములను గుర్తించెను. పెద్ద తంతువును ఆనుకొని యున్నందున వానికి ఉపగ్రహ కణములని, శాటిలైట్ కణములని పేరిడెను. కండర పునరుద్ధరణమున వీనికి పాత్ర యుండవచ్చునని ఆయన ఆ వ్యాసముననే సూచించెను. తరువాతి పరిశోధనలు ఆ సూచనను నిజము చేసినవి.

ఈ కణముల నడవడి తెలిసికొనదగినది. కండరము ఆరోగ్యముగా నున్నంతకాలము ఇవి నిద్రాణములై యుండును. నివురు గప్పిన నిప్పువలె శక్తి లోపల నుండును, వ్యాపారము కనబడదు. కండరము గాయపడినపుడు ఇవి మేల్కాంచి విభజన చెందును. పుట్టిన కణములలో కొన్ని ఒకదానితో నొకటి కలిసిపోయి, అనేక కేంద్రకములు గల గొట్టమువంటి తంతువులుగా మారును. కొన్ని మరల నిద్రాస్థితికి మరలి, రాబోవు అవసరమునకు నిలువయుండును. అగ్నిహోత్రి ప్రతిదినము అగ్నిని వినియోగించుచునే మఱునాటికి నిప్పును కాపాడుకొనునట్లు, కండరము తన మూలకణములను వినియోగించుచునే కాపాడుకొనును.

1968 లో ఇజ్రాయెల్ దేశమందలి వైజ్‌మన్ సంస్థకు చెందిన డేవిడ్ యాఫె ఎలుక కండరమునుండి దీర్ఘకాలము పెంచదగిన కణవంశములను సిద్ధము చేసెను. 1987 లో హెరాల్డ్ వైన్‌ట్రబ్ ప్రయోగశాల మయోడి అను జన్యువును గుర్తించినది. ఆ ఒక్క జన్యువు ప్రేరణచే ఇతర జాతి కణము సైతము కండరకణ లక్షణములను పొందగలదని తెలిసినది. 2000 లో ఉపగ్రహ కణములకు పాక్స్‌7 అను జన్యువు ఆవశ్యకమని వెల్లడియైనది. ఈ పరిశోధనలు ఆహారము కొఱకు చేసినవి కావు. కండరక్షయ వ్యాధుల నిదానము, చికిత్స, పిండవికాస రహస్యము వీని లక్ష్యములు. వైద్యము కొఱకు సేకరించిన ఈ జ్ఞానమునే తరువాతివారు వంటశాల వైపు మరల్చిరి.

సీరము: చరిత్రలోని ముల్లు

కణమును పెంచుటకు ద్రవము కావలెను. లవణములు, శర్కర, అమైనో ఆమ్లములు, విటమిన్లు ఎంతెంత పాళ్లలో కావలెనో 1950ల దశకమున హ్యారీ ఈగిల్ వంటివారు నిర్ణయించిరి. కాని ఇవి మాత్రమే చాలవు. కణమును విభజనకు ప్రేరేపించు వృద్ధికారకములు కావలెను. అవి రక్తమునుండి గడ్డను వేఱు చేయగా మిగులు పలుచని ద్రవమగు సీరమునందు పుష్కలముగా నుండును. 1958 లో థియొడర్ పక్ మొదలగువారు గోభ్రూణ సీరమును వినియోగమునకు తెచ్చిరి. పుట్టిన ప్రాణి సీరముకంటె భ్రూణ సీరమునందు వృద్ధికారకములు అధికముగాను, కణవృద్ధిని అడ్డగించు ప్రతిరక్షకములు స్వల్పముగాను ఉండుటచే అది ప్రపంచమందలి ప్రయోగశాల లన్నింట వ్యాపించినది.

ఆ సీరము లభించు విధమును చెప్పక తప్పదు. వధశాలకు వచ్చిన ఆవు చూలుతో నున్నదని తెలిసినపుడు, తల్లి వధింపబడిన పిమ్మట గర్భమునుండి భ్రూణమును వెలికి తీసి, దాని హృదయమునకు సూదిని గ్రుచ్చి రక్తమును సేకరింతురు. ఆ రక్తమునుండి సీరమును వేఱు చేయుదురు. గోమాతను లక్ష్మీస్వరూపిణిగా పూజించు పాఠకునకు ఈ వాక్యములు చదువుట కష్టము. అయినను సత్యమును కప్పిపుచ్చి చేయు ధర్మవిచారము నిష్ప్రయోజనము. వధ లేని మాంసమని పేరుగాంచిన వస్తువు, దశాబ్దముల పాటు, వధలోకెల్ల కరుణారహితమైన వధను ఆశ్రయించి పెరిగినది. ఈ విద్య చరిత్రయం దంతటను పరీక్షింపవలసిన గంటు ఇదియే.

ప్రయోగశాలనుండి పళ్లెరమునకు

ఈ విద్యను ఆహారము కొఱకే సాధింపవలెనని జీవితమంతయు శ్రమించినవాడు డచ్చి దేశస్థుడు విల్లెమ్ వాన్ ఈలెన్. 1923 లో నాటి డచ్చి ఈస్టిండీసునందు జన్మించిన ఆయన, రెండవ ప్రపంచయుద్ధ కాలమున జపాను సైన్యమునకు బందీయై తీవ్రమైన ఆకలిని అనుభవించెను. ఆకలి, పశువులపట్ల సాటి మనుష్యుల క్రౌర్యము, ఈ రెండును ఆయన మనస్సున నిలిచినవి. యుద్ధానంతరము వైద్యవిద్య నభ్యసించుచుండగా కణజాల పోషణను చూచి, ఈ మార్గమున మాంసమును పెంచవచ్చునని తలంచెను. దశాబ్దముల కృషి తరువాత 1999 లో ఆయనకు పేటెంటు హక్కు లభించినది. 2015 లో ఆయన కాలధర్మము చెందెను.

2002 లో న్యూయార్క్‌లోని టూరో కళాశాలయందు మోరిస్ బెంజమిన్సన్, అంతరిక్షయాత్రికుల ఆహారము కొఱకు నాసా సంస్థ ధనసహాయముతో, బంగారు చేప కండరపు ముక్కలను ద్రవమునందు పెంచి చూపెను. సీరమునకు మారుగా పుట్టగొడుగుల సారమును వాడుటను సైతము ఆయన పరీక్షించెను. పెరిగిన ముక్కలను వండి వాసన చూచిరి గాని తినలేదు. 2003 లో ఫ్రాన్సునందలి నాంట్ నగరమున ఓరన్ కాట్స్, అయొనాట్ జుర్ అను కళాకారులు కప్ప కణములతో పెంచిన మాంసపు తునకలను భుజించిరి. ఆ కప్పలు జీవించియే ప్రక్కన నుండెను. 2004 లో జేసన్ మథేనీ న్యూ హార్వెస్ట్ అను సంస్థను స్థాపించెను. 2005 లో డచ్చి ప్రభుత్వము విశ్వవిద్యాలయముల పరిశోధనకు ఇరువది లక్షల యూరోలను కేటాయించినది. దీని వెనుక వాన్ ఈలెన్ పట్టుదల యుండెను.

ఈ కృషి లోకమునకు ప్రత్యక్షమైన దినము 2013 ఆగస్టు 5. లండను నగరమున మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయాచార్యుడు మార్క్ పోస్ట్, ఆవు మూలకణములనుండి పెంచిన మాంసముతో సిద్ధము చేసిన బర్గరును పాత్రికేయుల సమక్షమున వండించెను. దాని వ్యయము సుమారు 2,50,000 యూరోలు. ధనదాత గూగుల్ స్థాపకులలో ఒకడగు సెర్గీ బ్రిన్. అందు సుమారు 20,000 సన్నని కండరపు పోగులు చేరియుండెను. సన్ననివిగా నుండుటకు కారణము కలదు. శరీరమున రక్తనాళములు ప్రతి కణమునకు ప్రాణవాయువును, ఆహారమును అందించును. తొట్టెలో రక్తనాళములు లేవు. మందముగా పెరిగినచో లోపలి కణములు పోషణ అందక నశించును. అందుచే కణములను మృదువైన పదార్థమున వలయాకారముగా అమర్చి, అవి తమంతట తాము బిగియునట్లు చేసి, పోగులుగా తయారు చేసిరి. ఎఱుపు రంగు కొఱకు బీట్‌రూట్ రసమును, కుంకుమపువ్వును చేర్చిరి. రుచి చూచినవారు ఇది మాంసమునకు సమీపముగా నున్నదని, కాని కొవ్వు లేదని చెప్పిరి. ఆ మాంసము గోభ్రూణ సీరమునందే పెరిగినది.

తెలుగునేలతో సంబంధము

ఈ చరిత్రలో తెలుగువారికి సన్నిహితమైన నామము డాక్టర్ ఉమా వలేటి. ఆయన విజయవాడలో జన్మించెను. తండ్రి పశువైద్యుడు, తల్లి భౌతికశాస్త్ర బోధకురాలు. పండ్రెండేండ్ల ప్రాయమున పొరుగింటి జన్మదినోత్సవమునకు వెళ్లి, ఇంటి ముందు అతిథులు విందు చేయుచుండగా పెరటిలో అదే విందు కొఱకు ప్రాణులను వధించుట చూచితినని ఆయన పలుమార్లు చెప్పెను. ఒకే ఇంట ఒకరికి జన్మదినము, మఱియొకరికి మరణదినము అను భావము బాలుని మనస్సున నాటుకొనినది. పుదుచ్చేరిలోని జిప్మర్‌నందు వైద్యవిద్య పూర్తి చేసి, అమెరికాలో హృద్రోగ నిపుణుడై, గుండెపోటు వచ్చినవారి హృదయమునకు మూలకణములతో చికిత్స చేయు ప్రయోగములందు పాల్గొనుచుండగా, ఇట్టి కణములనే ఆహారము కొఱకు పెంచరాదా అను తలంపు కలిగెను. 2015 లో సహచరులతో మెంఫిస్ మీట్స్ అను సంస్థను స్థాపించెను. 2021 లో దానికి అప్‌సైడ్ ఫుడ్స్ అని పేరు మారినది.

2020 డిసెంబరులో ఇట్టి మాంసమును విక్రయించుటకు ప్రపంచమున మొట్టమొదట అనుమతి నిచ్చిన దేశము సింగపూరు. అనుమతి పొందినది గుడ్ మీట్ అను సంస్థ వారి కోడిమాంసము. 2023 జూనులో అమెరికా వ్యవసాయశాఖ అప్‌సైడ్, గుడ్ మీట్ సంస్థలకు అనుమతి నొసగినది. ఇచట ఒక భేదమును గమనింపవలెను. విక్రయమునకు వచ్చిన మాంసమంతయు కండర మూలకణములనుండియే పుట్టినది కాదు. గుడ్ మీట్ వారు సంయోజక కణజాలమునకు చెందిన ఫైబ్రోబ్లాస్ట్ అను కణవంశమును వాడిరి. అట్టి కణవంశము హేఫ్లిక్ చూపిన పరిమితిని దాటి విభజన చెందుచుండును గనుక, మరల మరల ప్రాణిని సమీపింపనక్కరలేదు.

వ్యతిరేకతయు ప్రబలముగనే యున్నది. 2023 నవంబరులో ఇటలీ దేశమును, 2024 లో అమెరికాలోని ఫ్లోరిడా, అలబామా రాష్ట్రములును ఈ మాంసము విక్రయమును నిషేధించుచు శాసనములు చేసినవి. ఆ నిషేధములకు పశుపోషకుల జీవనాధారమును, ఆహార సంప్రదాయమును ప్రధాన హేతువులుగా చూపిరి. భారతదేశమున 2019 లో కేంద్ర జీవసాంకేతిక శాఖ హైదరాబాదునందలి కణ, అణుజీవశాస్త్ర కేంద్రమునకును, జాతీయ మాంస పరిశోధన కేంద్రమునకును ఈ పరిశోధన నిమిత్తము సుమారు 4.5 కోట్ల రూపాయలను మంజూరు చేసినది.

సీరము విషయమునను మార్పు వచ్చినది. పోస్ట్ స్థాపించిన మోసా మీట్ సంస్థకు చెందిన పరిశోధకులు గోమూలకణములను సీరము లేకయే పక్వ కండరకణములుగా మార్చు విధానమును 2022 లో ప్రకటించిరి. 2023 జనవరిలో సింగపూరు ప్రభుత్వము సీరము లేని ద్రవమున పెంచిన మాంసమునకు అనుమతి నిచ్చినది. పూర్వము భ్రూణరక్తమునుండి గ్రహించిన వృద్ధికారకములను ఇప్పుడు సూక్ష్మజీవులచే ఉత్పత్తి చేయింపవచ్చును. వ్యయము అధికమను కష్టము ఉన్నను, చరిత్రలోని ముల్లు తొలగుటకు మార్గము తెఱచుకొనినదనుట సత్యము.

శాస్త్రదృష్టిలో విచారము

ఇట్టి చరిత్ర గల వస్తువును శాస్త్రము ఎట్లు పరీక్షించును? పతంజలి మహర్షి యోగసూత్రములలో హింసను మూడు విధములుగా విభజించెను. తాను చేసినది, ఇతరులచే చేయించినది, చేయుచుండగా అనుమోదించినది. దానికి లోభము, క్రోధము, మోహము అను మూడు మూలములను చెప్పి, మృదు మధ్య తీవ్రములను తారతమ్యమును సైతము సూచించెను. వ్యాసభాష్యము లోభమూలమైన హింసకు ఉదాహరణముగా మాంసచర్మముల కొఱకు చేయు వధనే చూపినది. మనుస్మృతి మఱింత విస్తరించి, అనుమతించువాడు మొదలుకొని కోయువాడు, చంపువాడు, అమ్మువాడు, కొనువాడు, వండువాడు, వడ్డించువాడు, తినువాడు వఱకు ఎనిమిదిమందిని ఘాతకులుగా లెక్కించినది.

ఈ కొలతతో చూచిన, సీరముతో పెరిగిన మాంసమును అహింసాహారమనుట పొసగదు. తినువానికిని, గర్భస్థ శిశువు హృదయమున సూది గ్రుచ్చినవానికిని నడుమ ప్రయోగశాల అడ్డుగా నిలిచినను, అనుమోదన తెగదు. సీరము లేని విధానమున, జీవించియున్న పశువునుండి మత్తు ఇచ్చి స్వల్పముగా గ్రహించిన కణములతో పెరిగిన మాంసమున వధ లేదు. హింస శూన్యము కాకున్నను, పతంజలి చెప్పిన మృదుశ్రేణికి చేరుచున్నది. నిత్యము కోట్లాది ప్రాణులు వధింపబడు లోకమున, మాంసాహారమును మానలేనివాడు ఈ మార్గమును స్వీకరించి ఒక్క ప్రాణిని కాపాడినను, దానిని అల్పముగా చూచుట భూతదయ కాదు. తీవ్రహింసనుండి మృదుహింసకు దిగుటయు ఒక మెట్టే.

అయితే సాధకుని ప్రశ్న ఇచటితో ముగియదు. ఛాందోగ్యోపనిషత్తు ఆహారశుద్ధిచే సత్త్వశుద్ధి కలుగునని బోధించినది. భగవద్రామానుజులు శ్రీభాష్యమున సాధనసప్తకమును వివరించుచు, ఆహారమునకు జాతిదోషము, ఆశ్రయదోషము, నిమిత్తదోషము అను మూడును లేకుండవలెనని వివేకమునకు అర్థము చెప్పిరి. వస్తుస్వభావముచే కలుగునది జాతిదోషము. ఎవరిచేతినుండి వచ్చినదో వారి వలన కలుగునది ఆశ్రయదోషము. ఉచ్ఛిష్టాది సంసర్గము వలన కలుగునది నిమిత్తదోషము. వధ లేకుండుట మాంసముపై నున్న ప్రధానాక్షేపమును తొలగించునేమో గాని, జాతిదోషమును తొలగింపదు. సత్కార్యవాదమును అనుసరించిన, కార్యము కారణమునందే సూక్ష్మరూపమున కలదు. ఆవు కణము ఉపాదానమైనపుడు పుట్టినది ఆవు మాంసమే. ఉక్కు తొట్టె నిమిత్తమాత్రము. కుండ ఏ కుమ్మరి చేసినను మన్నే గదా. కావున మాంసవర్జనము వ్రతముగా గలవారికి, దేవతా నివేదనమునకు, యజ్ఞదీక్షకు, ఈ వస్తువు క్రొత్త ద్వారము నేదియు తెఱవదు.

శంకర భగవత్పాదులు అదే ఛాందోగ్యవాక్యమునకు భాష్యము చెప్పుచు, ఆహారమనగా ఇంద్రియములచే గ్రహింపబడు శబ్దాది విషయజ్ఞానమని, దాని శుద్ధి యనగా రాగద్వేషమోహములు లేకుండుటయని వివరించిరి. ఈ వ్యాఖ్యానము ప్రశ్నను నోటినుండి మనస్సునకు మరల్చును. ఎట్టి వేదనయు లేక మాంసము లభించినను, జిహ్వాచాపల్యము తగ్గునా? వధ అడ్డు తొలగినందున మఱింత తినవలెనను రాగము పెరిగినచో, ప్రాణికి మేలు జరిగినను భోక్తకు మేలు జరుగలేదు. అహింస ఇతరప్రాణికి రక్షణ. అలోలుపత్వము తనకు రక్షణ. మొదటిదానిని యంత్రము కొంత సాధింపవచ్చును. రెండవదానిని ఏ యంత్రమును సాధింపజాలదు.

ఇచట మఱియొక మాటను చెప్పవలసియున్నది. గాంధారీదేవి మాంసపిండమునుండి నూటొక్కరు శిశువులు జన్మించిన భారతకథను చూపి, మూలకణ విద్య పూర్వమే మనకు కలదని కొందరు ప్రకటించుచున్నారు. ఇతిహాసమునకు అట్టి ప్రమాణపత్రము అక్కరలేదు. వ్యాసమహర్షి అనుగ్రహమును, మాత్సర్యముచే గర్భమును మోదుకొనిన తల్లి వ్యథను, దాని ఫలమును చెప్పుట ఆ కథ యొక్క తాత్పర్యము. దానిని ప్రయోగశాల నివేదికగా మార్చినచో శాస్త్రమునకును న్యాయము జరుగదు, ఇతిహాసమునకును గౌరవము నిలువదు. మౌరో సూక్ష్మదర్శినిలో చూచినది మౌరోకే చెందును. ఋషులు మనకొసగినది ఆ చూచినదానిని ఎట్లు వినియోగింపవలెనో నిర్ణయించు వివేకము.

వనపర్వమందలి ధర్మవ్యాధుని ఈ సందర్భమున స్మరించుట యుక్తము. మిథిలానగరమున మాంసము విక్రయించుచుండిన ఆ మహనీయుడు తాను స్వయముగా వధింపడు, మాంసమును తినడు. కౌశికుడను బ్రాహ్మణుడు అతని అంగడికి వచ్చి ధర్మోపదేశమును పొందెను. ధర్మవ్యాధుడు తన వృత్తి నిర్దోషమని వాదింపలేదు. అది ఘోరమైనదని అంగీకరించుచునే, నేలను దున్నునపుడు, నడచునపుడు, నీరు త్రాగునపుడు సైతము ప్రాణులు నశించుచున్నవని, హింసను పూర్తిగా వర్జించినవాడు లోకమున దుర్లభుడని వివరించెను. అంతమాత్రమున హింసను సమర్థింపలేదు. ప్రయత్నముచే దానిని తగ్గించుకొనవలెననియే అతని ఉపదేశసారము.

హారిసన్ ద్రవబిందువునుండి నేటి ఉక్కు తొట్టెల వఱకు జరిగిన శతాధిక వర్షముల చరిత్రను ఈ వెలుగులో చూచినచో రెండు కర్తవ్యములు స్పష్టమగును. మాంసమును భుజించువారు, కొనుటకు ముందు, ఇది ఏ ద్రవమున పెరిగినదని అడుగవలెను. భ్రూణరక్తముతో పెరిగినదానిని తిరస్కరించుట అట్టివారికి సాధ్యమైన అహింస. ఆ ప్రశ్న అడుగువారు ఎంత ఎక్కువగా నున్న, సీరమును విడుచుటకు ఉత్పత్తిదారులకు అంత త్వరగా బుద్ధి పుట్టును. మాంసమును వర్జించినవారు, వధ లేదను ఆకర్షణచే తమ నియమమును సడలింపక, అదే సమయమున హింసను తగ్గింప యత్నించువారిని నిందింపక యుండవలెను. ఆకలిని, క్రౌర్యమును చూచిన ఒక బందీ మనస్సున పుట్టిన కరుణయు, జన్మదిన విందు వెనుక మరణమును చూచిన ఒక తెలుగు బాలుని మనస్సున పుట్టిన కరుణయు మనకు పరాయివి కావు. కరుణ ఏ దేశమున పుట్టినను అది ధర్మమునకే చెందును. దానిని సంపూర్ణము చేయునది మాత్రము ఇంద్రియనిగ్రహమే.

స్వస్తి.